సబ్బు ప్రకటనలోకి వెళ్ళిన పిల్లాడు

ఈ సంచిక థీమ్ 'ఆటలు' అని గ్రూపులో మెసేజ్ పడగానే సగం మంది గోళీలు, కర్రాబిళ్ళ, వామనగుంటలు బుక్ చేసేసుకున్నారు. గల్లీ క్రికెట్ కోసమైతే ఇద్దరు కొట్టుకున్నంత పని చేశారు. నాకు మిగిలింది సబ్బు బుడగలు. నిజం చెప్పాలంటే, ఏం కావాలో ముందే అడిగినా నేను అదే తీసుకునేదాన్ని. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

ముందుగా ఒక మాట. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే. తెలుగులో ఇంత పెద్ద వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే ఎడిటర్ అన్న దిద్దుతాడు, ఆయన వదిలేసినవి మీరు క్షమించాలి.

నేను చెప్పబోయేది ఒక పెయింటింగ్ గురించి. పేరు 'బబుల్స్'. వేసింది జాన్ ఎవరెట్ మిలే అనే ఇంగ్లండ్ చిత్రకారుడు, 1886లో. అంటే విక్టోరియా రాణి కాలం. ఫోన్ చేతిలో ఉంటే ఒకసారి వెతికి చూసి రండి, చదవడం తేలికవుతుంది. దొరక్కపోతే నేను చెప్తాను వినండి.

ఉంగరాల బంగారు జుట్టు ఉన్న చిన్న పిల్లాడు కూర్చుని ఉంటాడు. ఒంటి మీద ముదురు ఆకుపచ్చ మఖ్మల్ సూటు, మెడ చుట్టూ కుచ్చుల తెల్ల కాలరు. ఒళ్ళో సబ్బు నీళ్ళ గిన్నె, చేతిలో మట్టి గొట్టం. అప్పుడే ఊదిన బుడగ తల పైకి లేచింది. వాడు మెడ ఎత్తి దాన్నే చూస్తున్నాడు. వెనకంతా చీకటి, వెలుగు వాడి మీదే. మొదటిసారి చూస్తే 'ఎంత ముద్దుగా ఉన్నాడో' అనిపిస్తుంది, అంతే. రెండోసారి చూస్తే పక్కన రెండు కుండీలు కనిపిస్తాయి. ఒకదాంట్లో చిన్న మొక్క పెరుగుతోంది. రెండోది కింద పడి పగిలిపోయి ఉంది.

ఆ పగిలిన కుండీ దగ్గరే నేను ఆగిపోయాను. పిల్లాడి ఆట బొమ్మలో దానికేం పని?

పిల్లల బొమ్మలు ఎందుకు వేశారు

విక్టోరియా కాలంలో ఇంగ్లండ్‌లో మామూలు మనుషుల రోజువారీ జీవితాన్ని చూపించే బొమ్మలకి మంచి గిరాకీ ఉండేది. వీటిని జాన్రా పెయింటింగ్స్ అంటారు. రాజులు, యుద్ధాలు, దేవతలు కాకుండా వంటింట్లో అమ్మ, బడిలో పిల్లలు, ఊళ్ళో సంత, ఇలాంటివన్నమాట. ఫ్యాక్టరీలతో, వ్యాపారాలతో కొత్తగా డబ్బు చేసినవాళ్ళకి హాల్లో పెట్టుకోవడానికి ఇవే నచ్చేవి. వాటిల్లోనూ పిల్లల ఆటలంటే మరీ ఇష్టం. కెంట్ ప్రాంతంలోని క్రాన్‌బ్రూక్ అనే ఊళ్ళో థామస్ వెబ్‌స్టర్, ఫ్రెడరిక్ డేనియల్ హార్డీ లాంటి చిత్రకారులు గుంపుగా చేరి ఇదే పని చేశారు. హార్డీ 1863లో వేసిన ఒక బొమ్మలో పిల్లలు డాక్టర్ ఆట ఆడుతుంటారు. మనమూ ఆడినవాళ్ళమే కదా!

కానీ అదే ఇంగ్లండ్‌లో ఆ రోజుల్లో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో సుమారు 150 మంది మొదటి పుట్టినరోజు చూడకుండానే చనిపోయేవాళ్ళు. ఇంకెంతోమంది చిన్న వయసులోనే మిల్లుల్లో, పొలాల్లో పనికి వెళ్ళేవాళ్ళు. గోడ మీద ఆడుకునే పిల్లలు, గోడ బయట పనిచేసే పిల్లలు. ఈ రెండూ కలిపి చూస్తేనే ఆ బొమ్మలు ఎందుకంత అమ్ముడుపోయాయో కొంచెం అర్థమవుతుంది. పోగొట్టుకుంటామేమో అని భయం ఉన్నదాన్నే మనం ఫ్రేము కట్టించి పెట్టుకుంటాం.

తాత వేసిన బొమ్మ

మిలే మామూలువాడు కాదు. 11 ఏళ్ళకే లండన్ రాయల్ అకాడమీ స్కూల్లో సీటు కొట్టాడు. అంత చిన్న వయసులో అక్కడ చేరినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. 1848లో స్నేహితులతో కలిసి ప్రీ-రఫేలైట్ అనే బృందం పెట్టి, అకాడమీ పెద్దల మీద తిరుగుబాటు చేశాడు. ఏటిలో తేలుతూ చనిపోతున్న ఒఫీలియా బొమ్మ మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు, అది ఇతనిదే. 'బబుల్స్' వేసేనాటికి తాత అయ్యాడు. బొమ్మలో ఉన్న పిల్లాడు కూతురి కొడుకు, విల్లీ. పూర్తి పేరు విలియం మిల్‌బోర్న్ జేమ్స్. అప్పటికి వాడికి నాలుగేళ్ళు.

మనవడు బుడగలు ఊదుతుంటే చూసి, తాతకి బొమ్మ వెయ్యాలనిపించింది. మొదట పెట్టిన పేరు 'ఒక పిల్లాడి లోకం'. 1886లో లండన్ గ్రోవనర్ గ్యాలరీలో ఆ పేరుతోనే ప్రదర్శించారు.

ఇప్పుడు పగిలిన కుండీ సంగతి. యూరప్‌లో చాలా పాత పోలిక ఒకటి ఉంది: మనిషి అంటే బుడగ. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారులు బుడగలు ఊదే పిల్లల్ని వేసి, పక్కన పుర్రెనో, వాడిపోయే పువ్వునో పెట్టేవాళ్ళు. మిలే ఆ దారిలోనే వెళ్ళాడు, పుర్రె బదులు కుండీ పెట్టాడు. ఇందులో మనకి కొత్తేమీ లేదు. మా తాతయ్య ఎవరైనా పోయారని ఫోన్ వస్తే, పెట్టేశాక 'బుద్బుదప్రాయం' అంటారు. చాలాకాలం అది ఏదో సంస్కృత మంత్రం అనుకున్నాను. బుద్బుదం అంటే నీటి బుడగ అని ఈ వ్యాసం కోసం నిఘంటువు చూస్తే తెలిసింది! మిలేకి ఇదంతా పుస్తకాల్లో చదివిన తత్వం కూడా కాదు. అతని కొడుకు జార్జ్ 1878లో, ఇరవై దాటీ దాటకుండానే చనిపోయాడు. ఆ తర్వాత ఏడెనిమిదేళ్ళకి మనవడు బుడగ ఊదుతుంటే ఆ తాతకి ఏం కనిపించి ఉంటుందో మీరే ఆలోచించండి.

బుడగని ఎలా పట్టుకున్నాడు

ఇది మన బ్రాంచి వాళ్ళకి. బుడగ రెండు మూడు సెకన్లలో పగిలిపోతుంది, ఆయిల్ పెయింటింగ్ రోజుల తరబడి వెయ్యాలి. మరెలా? వెలుగు ఎక్కడ పడుతోందో, మెరుపు ఎక్కడ వస్తోందో నిదానంగా చూసుకోవడానికి మిలే ఒక స్ఫటిక గోళం తయారు చేయించుకున్నాడట. అంటే మనం గ్రాఫిక్స్‌లో టెస్టింగ్ కోసం గోళం పెట్టి లైటింగ్ చూసుకుంటామే, అదే పని 1886లో చేశాడు.

కానీ గోళంతో పని మొత్తం అవ్వదు. బుడగ మీద ఉండే రంగులు గట్టి గోళం మీద రావు. ఫస్టియర్ ఫిజిక్స్ ల్యాబ్‌లో న్యూటన్స్ రింగ్స్ గుర్తుందా? సోడియం ల్యాంప్ కింద మైక్రోస్కోప్‌లో ఒక కన్ను మూసుకుని రింగులు లెక్కపెట్టి, పదిహేను దగ్గర తప్పిపోయి, మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టి, చివరికి పక్కవాడి రీడింగ్ కాపీ కొట్టాం కదా, అదే. బుడగ గోడ చాలా పల్చటి సబ్బు నీటి పొర. వెలుగు కొంత పొర పై వైపు నుంచి, కొంత లోపలి వైపు నుంచి తిరిగొస్తుంది. ఆ రెండూ కలిసినచోట కొన్ని రంగులు బలపడతాయి, కొన్ని కొట్టుకుపోతాయి. పొర మందం మారితే రంగు మారుతుంది. నీరు కిందికి జారేకొద్దీ పైభాగం ఇంకా పల్చబడుతుంది. వెలుగు తరంగం పొడవుతో పోలిస్తే పొర బాగా సన్నమైపోతే అక్కడ రంగులే ఉండవు, నల్లగా కనిపిస్తుంది. పగిలే ముందు బుడగ నెత్తిన నలుపు వస్తుందన్నమాట. బాత్రూంలో ట్రై చెయ్యండి, వెనక ముదురు రంగు టవల్ పెట్టుకుంటే బాగా కనిపిస్తుంది.

సబ్బు ఎక్కడినుంచి వచ్చింది

కథ ఇక్కడ మలుపు తిరుగుతుంది. ఆ బొమ్మని ఇలస్ట్రేటెడ్ లండన్ న్యూస్ పత్రికకి చెందిన విలియం ఇంగ్రామ్ కొని, 1887 క్రిస్మస్‌కి పాఠకుల కోసం రంగుల్లో అచ్చువేశాడు. అది థామస్ బారట్ కంట్లో పడింది. బారట్ అంటే పియర్స్ సబ్బు కంపెనీ నడిపిన మనిషి. అవును, అదే పియర్స్. చలికాలంలో మనిళ్ళలో కనిపించే, అవతలి వైపు కనిపించేంత పారదర్శకంగా ఉండే ఆ సబ్బే. లండన్‌లో 1807 నుంచి ఉంది, ఇప్పుడు మన దగ్గర హిందుస్థాన్ యూనిలీవర్ అమ్ముతోంది.

బారట్ 2,200 పౌండ్లు పెట్టి అసలు బొమ్మ కొనేశాడు. ఒక మామూలు కూలీ వారానికి ఒక పౌండు అటూ ఇటూగా సంపాదించే రోజులవి. డబ్బుతో అతను కొన్నది కాన్వాస్ ఒక్కటే కాదు, కాపీరైట్ కూడా. ప్రకటనలో పిల్లాడి పాదాల దగ్గర ఒక పియర్స్ సబ్బు బిళ్ళ పెట్టించాడు, పైన కంపెనీ పేరు రాయించాడు. అంతే. పిల్లాడు అదే, బుడగ అదే, పగిలిన కుండీ కూడా అదే. కానీ అర్థం తిరగబడింది. ఇది పగిలిపోతుంది అని తాత చెప్తే, ఇది మా సబ్బుతోనే వస్తుంది అని బారట్ చెప్పాడు.

మిలేకి ఇది నచ్చిందా? కొడుకు రాసిన జీవితచరిత్ర ప్రకారం మొదట మండిపడ్డాడు. తర్వాత అచ్చు నమూనాలు చూసి, ప్రింటింగ్ బాగుందని కాస్త తగ్గాడు. ఒప్పుకోకపోయినా చెయ్యగలిగింది ఏమీ లేదు, హక్కులు చేతిలో లేవు. ఆ కాలంలో రంగు బొమ్మ అచ్చువెయ్యడం చిన్న పని కాదు. ఒక్కో రంగుకీ ఒక్కో రాతి పలక మీద విడిగా గీసి, ఒకే కాగితాన్ని వరసగా అన్నిటి మీదా అద్దేవాళ్ళు. 1894లో రాజా రవివర్మ బొంబాయిలో ప్రెస్ పెట్టి, దేవుళ్ళ బొమ్మల్ని మనిళ్ళ గోడల దాకా తెచ్చింది కూడా ఇలాంటి రాతి అచ్చుతోనే. గ్యాలరీకి టికెట్ కొనుక్కుని వెళ్ళలేనివాడి ఇంట్లోకి కూడా బొమ్మ వచ్చింది. దీన్ని పూర్తిగా తప్పు అనలేం.

తిట్టినవాళ్ళు మాత్రం బాగానే తిట్టారు. మేరీ కొరెల్లి అనే రచయిత్రి 1895లో వచ్చిన తన నవలలో, మిలే సబ్బు కంపెనీ కోసం బొమ్మలు వేసి దిగజారిపోయాడని ఒక పాత్ర చేత అనిపించింది. మిలే ఆవిడకి ఉత్తరం రాసి, బొమ్మ వేసింది సబ్బు కోసం కాదని చెప్పుకున్నాడు. తర్వాతి ముద్రణల్లో ఆవిడ దాన్ని మార్చింది. ఇలా ఇరుక్కున్నది మిలే ఒక్కడే కాదు. విలియం ఫ్రిత్ అనే ఇంకో పెద్ద చిత్రకారుడు కొత్త గౌను చూపిస్తున్న చిన్నపాప బొమ్మ వేస్తే, లీవర్ కంపెనీ 1889లో కొని సన్‌లైట్ సబ్బు ప్రకటన చేసేసింది. ఫ్రిత్ కూడా గోల పెట్టాడు.

ఈ గొడవ గురించి చదివిన ప్రతిచోటా ఒకటే వాదన. కళాకారుడికి అన్యాయం జరిగిందా, లేదా? కళ గొప్పదా, వ్యాపారం గొప్పదా? బొమ్మలో ఉన్న పిల్లాడిని మాత్రం ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నా సంగతి

నేను ఎల్‌కేజీలో ఉన్నప్పుడు స్కూల్లో ఏదో ఫంక్షన్ జరిగింది. అందరికీ బుడగల డబ్బాలు పంచారు. నేను పెదాలు సున్నాలా చుట్టి ఊదుతుంటే ఎవరో ఫోటో తీశారు. వేసవి సెలవుల్లో చూస్తే మా ఊరి బస్టాండ్ ఎదురుగా పెద్ద ఫ్లెక్సీ, అందులో నేను. కింద 'అడ్మిషన్లు ప్రారంభం'. ఇంట్లో ఎవరినీ అడగలేదు. అడగలేదని కోపం కూడా ఎవరికీ రాలేదు. నాన్న నన్ను బండి మీద తీసుకెళ్ళి, ఫ్లెక్సీ కింద నిలబెట్టి ఫోటో తీశాడు. అమ్మ చుట్టాలందరికీ ఫోన్ చేసి చెప్పింది. నాకూ గర్వంగానే ఉండేది.

రెండో తరగతిలో స్కూలు మారాను. ఫ్లెక్సీ మారలేదు. ప్రతి ఏప్రిల్‌కీ కొత్తది ప్రింట్ అయ్యేది, నేను మాత్రం అదే నాలుగేళ్ళ దాన్ని. కొత్త స్కూల్లో నా పేరు 'బుడగ' అయిపోయింది. ఆరో తరగతిలో నేను కాస్త లావుగా ఉండేదాన్ని, ఆ పేరు ఇంకా బాగా అతుక్కుంది. ఒకరోజు ఏడుస్తూ ఇంటికొస్తే నాన్న ఆ స్కూలుకి వెళ్ళి తీసెయ్యమని అడిగాడు. "మీ పాపే కదా సార్, సంతోషించాలి గానీ" అన్నారట. నాన్నకి ఏం చెప్పాలో తోచక తిరిగొచ్చేశాడు. ఇది పెద్ద కష్టమేమీ కాదని నాకూ తెలుసు. కానీ ఆ పాప నేనే అయినా, ఆ పాప మీద నాకు ఏ మాటా లేదు.

అందుకే విల్లీ తర్వాత ఏమయ్యాడో వెతికాను. విల్లీ నేవీలో చేరాడు. మొదటి ప్రపంచయుద్ధంలో శత్రువుల రహస్య సందేశాలు విప్పే విభాగం ఒకటుండేది, పేరు 'రూమ్ 40'. 1917 నుంచి దాన్ని నడిపింది ఇతనే. మనం క్రిప్టోగ్రఫీ సబ్జెక్టులో చదివే పనికి ముత్తాతల్లో ఒకడు! రెండో ప్రపంచయుద్ధంలో పోర్ట్స్‌మత్ నౌకాదళ కేంద్రానికి అధిపతి, అడ్మిరల్ సర్ విలియం జేమ్స్. తర్వాత పార్లమెంటు సభ్యుడు. 1973లో చనిపోయాడు, 91 ఏళ్ళు. ఇంత చేసినా నేవీలో జీవితాంతం అతనికి ఉన్న ముద్దుపేరు ఏంటో తెలుసా? 'బబుల్స్'.

అడ్మిరల్‌ని కూడా వదల్లేదంటే ఇక మనమెంత అని మొదట నవ్వొచ్చింది. తర్వాత అనిపించింది, ఆ బొమ్మ చెప్పేది ఒక్కటే: బాల్యం పగిలిపోతుంది, పగిలిపోవాలి, పిల్లాడు పెద్దవాడవ్వాలి. ప్రకటన ఆ ఒక్క పనినే ఆపేసింది. బుడగని పగలనివ్వలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, గత నెలలో మా పెద్దనాన్న కూతురు ఒక వీడియో పంపింది. వాళ్ళబ్బాయికి నాలుగేళ్ళు. బకెట్లో నురగ చేసి తల మీద పెట్టుకుని తెగ నవ్వుతున్నాడు. పిల్లల వస్తువుల కంపెనీ ఒకటి ఆన్‌లైన్ కాంటెస్ట్ పెట్టింది. "కొంచెం ఎడిట్ చేసి ఇవ్వవే, నీకు వచ్చు కదా" అంది. పావుగంట పని. చేసేశాను, చాలా బాగా వచ్చింది కూడా. అప్‌లోడ్ చేసే ముందు, ఎవరూ చదవని ఆ నియమాల పేజీ చదివాను. వీడియోని ఎక్కడైనా, ఎప్పటికీ, ఏ మార్పులతోనైనా వాడుకునే హక్కు కంపెనీకి ఇస్తున్నట్టు ఒక లైన్ ఉంది. బారట్ 2,200 పౌండ్లు పెట్టి కొన్నది ఇక్కడ ఒక టిక్కుతో ఉచితంగా వెళ్ళిపోతుంది. తల్లిదండ్రుల అనుమతి అనే టిక్కు కూడా ఉంది. 2023లో వచ్చిన మన డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్ళలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల అనుమతే అడుగుతుంది. కానీ ఎల్‌కేజీలో మా నాన్నని అడిగి ఉంటే, ఆయన సంతోషంగా సంతకం పెట్టేవాడు. అదీ అసలు చిక్కు.

అక్కకి ఫోన్ చేసి పంపొద్దని చెప్పలేదు. వాడు తన కొడుకు, నేనెవరిని? ఆ లైన్ తెలుగులో చదివి వినిపించాను, తర్వాత విల్లీ కథ చెప్పాను. "నువ్వు మరీనే, సబ్బు నురగకి ఇంత కథా?" అని నవ్వింది. కాసేపాగి, "వాడు పెద్దయ్యాక నన్ను తిడతాడంటావా?" అని అడిగింది. తెలీదక్కా అన్నాను. కాంటెస్ట్ ఆఖరు తేదీ పోయిన ఆదివారంతో అయిపోయింది. వీడియో ఇంకా మా ఫ్యామిలీ గ్రూపులోనే ఉంది.

'బబుల్స్' అసలు పెయింటింగ్ ఇప్పటికీ యూనిలీవర్ సొంతమే. లివర్‌పూల్ దగ్గర పోర్ట్ సన్‌లైట్‌లో లేడీ లీవర్ గ్యాలరీలో చూడొచ్చు. అక్కడ గోడ మీద సబ్బు బిళ్ళ లేదు. పిల్లాడు, బుడగ, రెండు కుండీలు, అంతే. మనలో ఎవరైనా ఎమ్మెస్‌కి యూకే వెళ్తే ఒకసారి చూసి రండి. సెల్ఫీ దిగేముందు పగిలిన కుండీ వైపు కూడా ఒక చూపు వెయ్యండి.